గరికమోపు

"ఏం రాస్తున్నావు?" అని అడిగారు మావారు, పేపరు మడిచి పక్కన పెడుతూ.

"గడ్డి గురించి" అన్నాను.

ఆయన కళ్ళజోడు పైనించి నావంక ఓసారి చూసి, "ఇంకేమీ దొరకలేదూ?" అని మళ్ళీ పేపరు విప్పుకున్నారు.

తప్పు ఆయనది కాదు లెండి. మన మాటల్లోనే గడ్డికి గౌరవం లేదు. ఎవరినైనా నాలుగు దులిపేస్తే గడ్డి పెట్టామంటాం. డబ్బుకు ఆశపడి చెయ్యరాని పని చేసినవాణ్ణి గడ్డి కరిచాడంటాం. ఒకరిని లక్ష్యపెట్టకపోతే తృణీకరించామంటాం. తృణమంటే గడ్డిపరకే కదా! ఇచ్చింది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటే తృణమో పణమో ఇచ్చామంటాం. మొత్తంమీద గడ్డిపోచ ఎందుకూ కొరగాదని అందరం కలిసి తీర్మానించేశాం.

అందులోనూ గరిక సంగతి మరీ విచిత్రం. వినాయక చవితినాడు మాత్రం దానికి దేవుడి ముందు పీట. అనలాసురుణ్ణి మింగిన వేడికి వినాయకుడు తల్లడిల్లిపోతే చల్లార్చింది గరికేనట. ఆవేళ ఎక్కడున్నా వెతికి, కడిగి, జంటలు జంటలుగా చేసి పెడతాం. గ్రహణంనాడు దర్భ దొరక్కపోతే ఆవకాయ జాడీమీదా గరికే. మర్నాటి నించి అది కలుపు. పెరట్లో కనిపిస్తే పీకి గోడ అవతల పారేస్తాం.

నేనూ అంతే చేశాను. గరికకు నేనెంత అన్యాయం చేశానో తెలియడానికి, అరవై ఏడేళ్ళ వయసులో అమెరికా దాకా పోవలసి వచ్చింది.

2023లో మా అమ్మాయి రెండో కానుపుకి వెళ్ళాం. జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా పక్కన ఉంటారు వాళ్ళు. పాప పుట్టింది, పురుడు వెళ్ళింది, ఇంతలో చవితి దగ్గరపడింది. పత్రి ఎలాగా అని నేను బెంగపెట్టుకుంటే మా అల్లుడు నవ్వి, "గరికకేం లోటు అత్తయ్యా, మన వాకిలంతా అదే" అన్నాడు.

వంగి చూద్దును కదా, నిజంగానే గరిక! నేలబారున పాకే కాడ, కణుపుకణుపుకీ వేరు, చివర కాకికాలులా చీలిన వెన్ను. కాకపోతే మన గరిక కన్నా ఆకు సన్నం, కురచ. తివాచీలా కత్తిరించి ఉంది. వాళ్ళు దాన్ని బెర్ముడా గడ్డి అంటారు. ఇల్లు కట్టినప్పుడు పెంచిన గడ్డిని మట్టితో సహా చాపలా చుట్టి తెచ్చి, గజాల లెక్కన అమ్మి పరిచిపోయారట. నాకు నవ్వాగలేదు. మా ఊళ్ళో చేలో గరిక తవ్వి పారెయ్యడానికి కూలీలకు డబ్బులిచ్చేవాళ్ళం. ఇక్కడ డబ్బిచ్చి పరిపించుకుంటున్నారు.

కాని ఆ గడ్డికి నెలనెలా ఏవో మందులు కొడతారట. మందు కొట్టిన గరిక దేవుడి ముందు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అప్పుడు మా అల్లుడి స్నేహితుడొకాయన, "మా అత్తగారి ఊళ్ళో గొడ్లు మేసే గడ్డి కూడా ఇదే, రండి చూద్దురుగాని" అన్నాడు. అలా చవితి ముందు శనివారం చంటిదానితో సహా కారెక్కి, దక్షిణంగా మూడు గంటలు ప్రయాణం చేసి, టిఫ్టన్ అనే ఊరి దగ్గరికి చేరాం.

ఏం చెప్పమంటారు! కనుచూపుమేరా గరిక. మోకాలెత్తున ఉంది. అందులో నల్లటి ఆవులు, తలలెత్తకుండా మేస్తున్నాయి. అవతలి పొలంలో అదే గడ్డిని కోసి, ఎండబెట్టి, బండిచక్రాల్లాంటి పెద్దపెద్ద చుట్టలుగా చుట్టి ఉంచారు. గరికను విత్తనం పంటలా ఎకరాలకెకరాలు పెంచడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఆ ఇంటావిడ నాకన్నా పదేళ్ళు పెద్దది. చేతులు మొరటుగా, మనిషి చలాకీగా ఉంది. మా అమ్మాయి అటూ ఇటూ మాటలు అందిస్తుంటే మేమిద్దరం గట్టుమీద నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాం. వాళ్ళ తాతల నాటికి అక్కడ పత్తి చేలట. పత్తిలో గరిక పడితే మా వాళ్ళలాగే వాళ్ళూ తిట్టుకుంటూ తవ్వేవారట. తరవాత వాళ్ళ నాన్న, ఊరి పరిశోధన కేంద్రంవాళ్ళు తయారుచేసిన కొత్తరకం గరిక వేశాడు. దానికి కోస్టల్ అని పేరు. అది గింజ కట్టదు. కట్టినా మొలవదు. అంచేత కాడలు తవ్వి, ముక్కలు చేసి, చాళ్ళలో వేసి మట్టి కప్పాలి. చిన్నప్పుడు బండిమీద కూర్చుని ఆ కాడముక్కలు చాళ్ళలోకి జారవిడవడం ఆవిడ పనిట.

"కణుపు ఉంటే చాలు, మొలుస్తుంది" అందావిడ.

మా పురోహితుడుగారు దూర్వమంత్రానికి అర్థం చెప్పినప్పుడు సరిగ్గా ఇదే చెప్పారు, కణుపుకణుపునా మొలిచే తల్లి అని. ఆ మాట చెబితే ఆవిడ ముచ్చటపడి మళ్ళీ చెప్పించుకుంది.

గొడ్డు కొరికితే గరికకేం కాదుట. పైన ఆకు పోతుందిగాని, పాకే కాడ నేలకంటుకునీ, దుంపలాంటి ఇంకో కాడ నేలలోపలా ఉంటాయి. మళ్ళీ చిగురేస్తుంది. నాలుగు వారాలకోసారి కోస్తే మెత్తగా ఉండి పశువుకు బలం, ముదిరితే పుల్లే. ఎరువు మాత్రం దండిగా వెయ్యాలిట, కోళ్ళ ఎరువు వేస్తారు. మంచు పడితే ఎండిపోయి గోధుమరంగుకు తిరుగుతుంది, వసంతం రాగానే వేళ్ళనించి లేస్తుంది.

"మరి దీనికి గిట్టనిదే లేదా?" అన్నాను.

ఆవిడ పొలం చివరనున్న చెట్ల కేసి చూపించింది. పెకాన్ చెట్లు, అక్రోటుల్లాంటి కాయలు కాస్తాయి. దట్టంగా నీడ. ఆ నీడకింద గరిక పలచబడి, చారెడేసి మట్టి కనిపిస్తోంది.

"నీడ" అందావిడ. "ఎండ ఎంతైనా భరిస్తుంది. తొక్కండి, మేపండి, కొయ్యండి, ఏం చేసినా సరే. నీడలో మాత్రం బతకదు."

వచ్చేటప్పుడు గుప్పెడు గరిక ఆవిడే తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది.

తిరుగు దారిలో మా అమ్మాయి ఫోను తీసి ఆ గడ్డి కథంతా చదివి వినిపించింది. గ్లెన్ బర్టన్ అనే శాస్త్రజ్ఞుడు 1936లో టిఫ్టన్ పరిశోధన కేంద్రంలో చేరాడు. అక్కడి పత్తి చేనులో దొరికిన గరికనూ, దక్షిణాఫ్రికానించి తెప్పించిన గరికనూ కలిపి, పుట్టిన వేల మొక్కల్లోంచి ఏరి, 1943లో ఈ కోస్టల్ రకం ఇచ్చాడు. పశువుకు ఇంకా బాగా అరిగే టిఫ్టన్ 85 అనే రకం 1992లో వచ్చింది. 2005లో పోయాడాయన.

"ఇది విన్నావా అమ్మా" అంది మా అమ్మాయి, "ఈయన సజ్జ మీద కూడా పనిచేశాడట. మన దేశంలో హైబ్రిడ్ సజ్జకు తల్లిరకం ఈయన ఇచ్చిందేనట."

నేను ఉలిక్కిపడ్డాను.

పుప్పొడి పుట్టని సజ్జరకం ఒకటి బర్టన్ తయారుచేశాడు. దాన్ని మన సజ్జతో కలిపి లూధియానాలో చేసిందే హెచ్.బి. 1. 1965లో రైతులకిచ్చారు. దేశం మొత్తంమీద సజ్జ, వానలు కూడా కలిసొచ్చి 1970-71లో 80 లక్షల టన్నులు పండింది. ఆ 80 లక్షల టన్నుల్లో మా అమ్మ పండించిన గింజలు కూడా నాలుగు ఉన్నాయి!

మా ఊరు ఒంగోలుకు పన్నెండు మైళ్ళు. 1968లో మా నాన్న పోయారు. మూడెకరాల చేను, ఒక గేదె, నేను. అంతే అమ్మకు మిగిలింది. గ్రామసేవకుడు చెప్పగా హైబ్రిడ్ సజ్జ వేసింది. రెండేళ్ళు కంకులు మోచేతి పొడవున వచ్చాయి. ఆ ధైర్యంతోనే నన్ను కాలేజీ చదువు చదివిస్తానని అందరితోనూ చెప్పుకుంది. మూడో ఏడు వెర్రికంకి తెగులు పడింది. కంకిలో గింజ ఉండవలసినచోట పచ్చటి ఆకులు పుట్టుకొచ్చాయి. మా ఒక్కరి చేనే కాదు, ఆ రోజుల్లో దేశమంతా అంతేనట. ఆ హైబ్రిడ్లన్నీ ఒక్క తల్లి పిల్లలు గనక, తెగులుకు ఒకటి లొంగితే అన్నీ లొంగాయి. ఆ సంగతి మాకేం తెలుసు? మా ఖర్మ అనుకున్నాం.

ఆ ఏడాది నన్ను చదివించింది గరిక.

మాటవరసకు అనడం లేదు. సజ్జ పోయింది గనక సజ్జచొప్పా లేదు, వరిగడ్డి కొనే తాహతూ లేదు. అమ్మ తెల్లారగట్ల లేచి కొడవలీ, బొరిగా పట్టుకుని వెళ్ళేది. చేలగట్లమీద, చెరువుకట్టమీద గరిక చెక్కి, మట్టి దులిపి, చెరువులో జాడించి, మోపుకట్టి నెత్తిన పెట్టుకుని వచ్చేది. పొద్దున ఒక మోపు, సాయంత్రం ఒక మోపు. ఆ గరిక మేసి మా గేదె పూటకు మూడేసి లీటర్లిచ్చేది. ఆ పాలడబ్బులే నా ఫీజు, నా పుస్తకాలు, నా హాస్టలు బిల్లు. నేను సాయం వస్తానంటే మాత్రం ససేమిరా ఒప్పుకునేది కాదు. "చదువుకునే పిల్లవి, నీకెందుకే ఈ బరువు" అనేది.

ఇక అసలు సంగతి చెప్పాలి. యాభై ఏళ్ళుగా మావారికి కూడా చెప్పలేదు.

1973లో సంక్రాంతి సెలవులకు ముందు నా స్నేహితురాళ్ళిద్దరు మా ఊరు చూస్తామని నాతో బయలుదేరారు. ఒకమ్మాయి తండ్రి డాక్టరు, ఇంకొకరి తండ్రి ప్లీడరు. ముగ్గురం బస్సు దిగి, చెరువుకట్టమీద నడిచి వస్తున్నాం. ఎదురుగా అమ్మ. మోకాళ్ళదాకా ఎగదోపిన చీర, కాళ్ళకు బురద. మోపు కట్టి, చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, ఎత్తిపెట్టే మనిషి కోసం అటూ ఇటూ చూస్తోంది. కట్టెలైనా గడ్డైనా పెద్దమోపు ఒక్కరూ ఎత్తుకోలేరు కదా! రెండో మనిషి చెయ్యి కావాలి.

దూరాన్నించి ఆడపిల్లలెవరో అనుకుని, "అమ్మాయ్, కాస్త ఈ మోపెత్తి పెట్టి పోండమ్మా" అని కేకేసింది. దగ్గరికొచ్చాక నన్ను చూసింది. నేనూ చూశాను.

"మీ ఊరివాళ్ళా?" అని అడిగింది డాక్టరుగారమ్మాయి.

"ఆఁ, మా ఊరే" అన్నాను.

అబద్ధం కాదు చూడండి. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

అమ్మ నా మొహం ఒక్క క్షణం చూసి, "పోండమ్మా పోండి, మీకెందుకు, ఎవరైనా వస్తార్లే" అంది. అలా అందేగాని, డాక్టరుగారమ్మాయి అప్పటికే కట్ట దిగింది. పుస్తకాల సంచీ నా చేతికిచ్చి, వంగి, ఓ పక్క పట్టి మోపు ఎత్తి అమ్మ నెత్తిన పెట్టింది. అమ్మ ఆ పిల్లని "చల్లగా ఉండు తల్లీ" అని దీవించి, అడ్డదారిన చకచకా వెళ్ళిపోయింది.

మేం ఇల్లు చేరేసరికి అమ్మ కాళ్ళు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "వచ్చారా అమ్మా, ఇప్పుడేనా బస్సు దిగడం?" అంటూ ఎదురొచ్చింది. నేను ఆడిన ఆట అమ్మ పూర్తిచేసింది. కాఫీలిచ్చింది, మధ్యాహ్నం భోజనంలో గడ్డపెరుగు వేసింది. డాక్టరుగారమ్మాయి తెల్ల ఓణీకి భుజం దగ్గర గరిక పసరు మరక ఉంది. అమ్మ అది చూసి, ఏమీ అనకుండా నిమ్మచెక్క తెచ్చి రుద్దింది. ఆ పిల్లా ఏమీ అనలేదు. ఇద్దరూ అలా తలలు వంచుకుని ఆ మరక రుద్దుకుంటుంటే నేను దూలం మీది పిచ్చుకలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

తరవాత అమ్మ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, మావారికి ప్రమోషనొచ్చి హైదరాబాదు చేరాం. 1988లో పట్టుబట్టి అమ్మ చేత గేదెను అమ్మించి మా ఇంటికి తీసుకొచ్చాను. "ఎండలో పడింది చాలమ్మా, ఇకనైనా నీడపట్టున కూర్చో" అన్నాను. ఆ మాట ప్రేమతోనే అన్నాను. కాని ఇప్పుడు ఆలోచిస్తే, బ్యాంకు ఆఫీసరుగారి అత్తగారు గడ్డిమోపు మోస్తోందని నలుగురూ అనకూడదన్నది కూడా అందులో ఓ పాలు ఉంది. సగంపాలు ఉందేమో కూడా.

మా క్వార్టర్సు రెండో అంతస్తు. అమ్మ పొద్దుటే నాలుగింటికి లేచి, చెయ్యడానికేమీ లేక, వంటింట్లో దీపం వేసుకుని కూర్చునేది. కాలనీ పార్కులో మాలీ గడ్డి కత్తిరించి కుప్పలు పోసి చెత్తబండి కెత్తుతుంటే బాల్కనీలోంచి చూసి, "అయ్యో, ఇంత లేత గరిక పారబోస్తున్నారే!" అని గిలగిల్లాడేది. ఓనాడు తనే దిగివెళ్ళి, ఆ గడ్డంతా పాత దుప్పట్లో మూటకట్టి, వీధివెంట పోయే పాలవాడి గేదెలకు వేసి వచ్చింది. ఆఫీసువాళ్ళు చూస్తే ఏమనుకుంటారని కసిరాను. అమ్మ మారుమాటాడలేదు.

మనిషి నాలుగు నెలల్లో సగమైంది. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు. సంక్రాంతికి "ఓసారి ఊరెళ్ళి వస్తానే" అంది. మళ్ళీ రాలేదు. అమ్మిన డబ్బుతో ఓ పడ్డను కొనుక్కుని, మళ్ళీ కొడవలి పట్టింది. నాకు కోపం వచ్చింది. ఊళ్ళోవాళ్ళు కూతురు చూడలేదనుకోరూ అని ఉత్తరం రాశాను. తిరిగి పోస్టులో రాలేదుగాని, వచ్చేపోయేవాళ్ళ చేత జున్నుపాలు వచ్చాయి. 2003 దాకా, పదిహేనేళ్ళు, గట్టిగా బతికింది అమ్మ.

నీడలో గరిక బతకదని నాకు ఒక్కరు చెప్పి ఉంటే బావుండేది. చెప్పినా వినేదాన్నా అన్నది వేరే సంగతి.

టిఫ్టన్ నించి వచ్చిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ గరికతో చవితిపూజ బాగానే జరిగింది. పాపాయి నెత్తిన అక్షతలు వేసి ఆశీర్వదించాను. మేం తిరుగు ప్రయాణమయ్యే ముందు వారం మా అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది.

"అమ్మా, ఎందుకింక అటూ ఇటూ తిరగడం? ఒంగోలు ఇల్లు అమ్మేద్దాం. నువ్వూ నాన్నా ఇక్కడే ఉండిపోండి. ఆ ఎండల్లో ఒక్కరూ ఏం పడతారు? మా దగ్గర నీడపట్టున ఉండొచ్చు."

గొంతు దానిదే. మాటలు మాత్రం నావి, 1988 నాటివి. నాకు నవ్వూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. దానికి నామీద ఉన్నది ప్రేమే, అనుమానం లేదు. నాకు మా అమ్మమీద ఉన్నదీ ప్రేమే.

"ఓసారి ఇంటికెళ్ళి వస్తానే" అన్నాను.

ఆర్నెల్లు ఇల్లు తాళంపెట్టి వెళ్ళామేమో, ఒంగోలు చేరేసరికి ఆవరణంతా గరిక అల్లుకుపోయింది. వెళ్ళేముందు పరిపించిన కంకరలోంచి, గేటు సందుల్లోంచి, నూతిపళ్ళెం పగుళ్ళలోంచి కూడా తలెత్తింది. ఒక్క వేపచెట్టు నీడకింద మాత్రం బోసి. మావారు గడ్డిమందు కొట్టిద్దామన్నారు. నేను వద్దన్నాను.

మర్నాడు పక్కసందులో రెండు గేదెలున్న ఆమె గేటు దగ్గర నిలబడి, "అమ్మగారూ, గరిక బాగా ఎదిగింది. కోసుకోమంటారా?" అని అడిగింది. కోసుకోమన్నాను. ఎండెక్కేదాకా కోసింది. తాడు పరిచి, పేర్చి, మోకాలు అదిమిపెట్టి మోపు కట్టింది. చుట్టకుదురు నెత్తిన సర్దుకుని వీధి వైపు చూసింది, ఎవరైనా వస్తారేమోనని.

నేను కుచ్చెళ్ళు ఎగదోపుకుని మెట్లు దిగాను.

"అయ్యో, మీకెందుకమ్మా, ఎవరైనా వస్తార్లే" అంది ఆమె.

"నేనున్నాగా" అని వంగి ఓ పక్క పట్టాను. ఇద్దరం కలిసి ఒక్క ఊపున పైకెత్తాం.

పచ్చిగరిక మోపు అంత బరువుంటుందని నాకు ఆవేళ తెలిసింది.